చెట్టుకన్నా వెడల్పైన పడవ

ఎస్టోనియా దేశపు నైరుతి మూలన సోమా అనే చిత్తడి నేలల ప్రాంతం ఉంది. మంచు కరిగే రోజుల్లో అక్కడి నదులు పొంగి పొర్లుతాయి. పచ్చిక బయళ్లు, అడవులు, బాటలు ఏకమై నీటిలో మునుగుతాయి. ఏటా వచ్చే ఆ వరదకాలాన్ని స్థానికులు ‘ఐదో రుతువు’ అంటారు. పశువులను దాటించాలన్నా, సరుకులు తేవాలన్నా, చేపల వేటకు వెళ్లాలన్నా తరతరాలుగా వాళ్లు నమ్ముకున్నది ఒకే మొద్దుతో చేసే పడవ ‘హాబ్యస్’ను.

మొద్దు తొలిచి పడవ చేయడం మనిషికి చాలా పాత విద్య. 1955లో నెదర్లాండ్స్‌లోని పెస్సె ఊరి దగ్గర రోడ్డు పనుల్లో బయటపడ్డ పైన్ మొద్దు పడవ వయసు సుమారు 10,000 ఏళ్లు. దాని వెడల్పు మాత్రం 44 సెంటీమీటర్లే. ఉత్తగా తొలిస్తే చెట్టు ఎంత లావో పడవ అంతకు మించదు. సోమా పనివాళ్లు ఆ హద్దు దాటారు. వాళ్ల పడవ తాను పుట్టిన చెట్టుకన్నా వెడల్పుగా ఉంటుంది!

పని చెట్టును వెతకడంతో మొదలవుతుంది. తిన్నగా పెరిగిన, మెలి తిరగని, కణుపులు లేని ఆస్పెన్ చెట్టు కావాలి. కణుపు ఉంటే తర్వాత అక్కడే చీలుతుంది. ముందుగా రెండు కొనలూ సన్నబడేలా బయటి రూపం చెక్కి, తర్వాత లోపల తొలుస్తారు. పడవ గోడ మందం ఎక్కడా హెచ్చుతగ్గులు కాకూడదు. అందుకు చక్కటి ఉపాయం ఉంది. బయటి నుంచి అక్కడక్కడా సన్నటి రంధ్రాలు వేసి, కావలసిన మందానికి సరిపడా చెక్కమేకులు దిగగొడతారు. లోపల బాడిసతో చెక్కుతూ పోతుంటే మేకు కొన ఎక్కడ కనిపిస్తే అక్కడ చెయ్యి ఆపాలి.

ఆపైన అసలు పరీక్ష. పలచబడ్డ చెక్కను నీటితో తడుపుతూ, మంట సెగ చూపుతూ మెత్తబరుస్తారు. రెండు అంచుల మధ్య అడ్డంగా కర్రలు బిగించి, చెక్క లొంగేకొద్దీ ఇంకాస్త పొడవైనవి మారుస్తూ వస్తారు. అంచులు విచ్చుకుంటుంటే ముందు కొన, వెనక కొన వాటంతట అవే పైకి లేస్తాయి. సెగ తగ్గితే చెక్క వంగదు, తడి ఆరితే పగులుతుంది. ఏ క్షణాన ఆపాలో చెప్పేది పనివాడి కన్ను, చెయ్యి మాత్రమే. పుస్తకం చదివితే వచ్చే విద్య కాదిది.

ఇదే ఆలోచన కెనడా పశ్చిమ తీరపు దీవుల్లోని హైదా జాతివారికీ తట్టింది. వాళ్లు రెడ్ సెడార్ చెట్టును తొలిచి, లోపల నీళ్లు పోసి, ఎర్రగా కాల్చిన రాళ్లు వేసి, ఆవిరితో పడవను విప్పుతారు. 1862 నాటి మశూచి చాలా హైదా ఊళ్లను తుడిచిపెట్టింది. సగం చెక్కిన పడవలు నేటికీ ఆ అడవుల్లో పడి ఉన్నాయి. 1986 వాంకూవర్ ఎక్స్‌పో కోసం శిల్పి బిల్ రీడ్ ఆధ్వర్యంలో ‘లూ టాస్’ అనే సుమారు 50 అడుగుల పడవ తయారైంది. మరుసటి ఏడాది హైదా జాతివారు దాన్ని తెడ్లు వేసుకుంటూ సముద్రం మీదుగా తమ దీవులకు తీసుకెళ్లారు.

రోడ్లు, మోటారు పడవలు వచ్చాక సోమాలోనూ హాబ్యస్ చేసేవాళ్లు కొద్దిమందే మిగిలారు. వాళ్ల దగ్గర పని నేర్చుకున్న తర్వాతి తరం ఇప్పుడు మరికొందరికి నేర్పుతోంది. 2021లో యునెస్కో ఈ విద్యను తక్షణం కాపాడవలసిన వారసత్వ జాబితాలో చేర్చింది.

మన కొల్లేటి తాటి దోనె కూడా ఈ కుటుంబానిదే. తాటిచెట్టుకు చేవంతా చుట్టూ, మెత్తదనం మధ్యలో ఉంటుంది. లోపలిది తీసేస్తే గట్టి డొప్ప మిగులుతుంది. లోతులేని నీళ్లలో, తూటుకాడల మధ్య అది సులువుగా సాగుతుంది. ఏ చెట్టు పనికొస్తుందో, ఎంత మందం ఉంచాలో తెలిసిన పెద్దలు కొల్లేటి లంకల్లో ఎక్కడున్నా మన విశ్వవిద్యాలయాలు, మ్యూజియాలు వాళ్లను వెతకాలి. దోనె చెక్కుతుండగా మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయించాలి, కూలి ఇచ్చి కుర్రాళ్లకు నేర్పించాలి. ఆ పని ఇప్పుడే మొదలుపెట్టాలి.