బెత్తెడు నేతకోసారి లేవాలి

గద్వాలలో ఒక నేతన్నను ఇంటివాళ్లు పదిహేను రోజులుగా చెక్కబల్ల మీద పడుకోబెట్టారని తెలిసి ఈ కాలమిస్టుకు ఈ వారం నిజంగా కోపం వచ్చింది. పిరుదు నుంచి పిక్క దాకా నిప్పు రాసినట్టు నొప్పి, డాక్టర్లు సయాటికా అనేది ఇదే. కదిలితే నరం పోతుందని ఎవరో భయపెట్టారు. ‘లేస్తే కాలు గుంజుతది సారూ, పండుకుంటే కూలి ఎవరిస్తరు?’ అన్నది ఆయన ప్రశ్న.

నడకే మందని ఈ కాలమ్ ఎన్నిసార్లు చెప్పిందో పాత పాఠకులకు తెలుసు. నెదర్లాండ్స్ డాక్టర్లు 183 మంది సయాటికా రోగుల్లో కొందరిని రెండు వారాలు మంచం దిగొద్దన్నారు, మిగతావాళ్లను ఓపినంత మేర పనులు చేసుకోమన్నారు. 12 వారాల తర్వాత చూస్తే రెండు వైపులా 87 శాతం మంది తేరుకున్నారు. 1999లో అచ్చయిన ఆ ఫలితం ఇన్నేళ్లయినా మన వీధుల దాకా రాలేదు.

నడుము కింది పూసల మధ్య ఉండే డిస్కు ఉబికి నరం వేరును నొక్కితే ఈ నొప్పి పుడుతుంది. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది. ఈలోగా ఇంట్లోనే కాసేపు నడక, కాసేపు కాపడం, పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు. వావిలాకు నీళ్లు హాయినిస్తాయి కానీ డిస్కును కదిలించవు. బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపినప్పుడు నొప్పి పిక్క వదిలి నడుము వైపు వస్తే మంచి గుర్తు. పాదం వైపు దిగితే అది మానేయాలి. మూత్రం పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, పాదం పైకి లేవకపోయినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఇదంతా చెప్పడానికి వెళితే ముందు మగ్గం కనబడింది. కాళ్లు గుంతలో, కూర్చోవడం గుంత అంచున, వీపుకు ఆసరా లేదు. గద్వాల చీరకు మూడు నాడెలు ఆడాలి: నూలు ఒడలికి ఒకటి, పట్టు అంచులకు చెరొకటి. వరుస వరుసకూ అంచు పోగునూ ఒడలి పోగునూ ఒకదానిలో ఒకటి మెలిపెట్టాలి. ఆ కలిసే చోటు కంటికి ఆనాలంటే వంగక తప్పదు. వంగి కూర్చుంటే డిస్కు మీద పడే ఒత్తిడి నిలబడ్డప్పటి కంటే ఎక్కువ.

అక్కడ గుర్తొచ్చింది ఆలేరు చింతకింది మల్లేశం. పోచంపల్లి రకం చీరకు ఆసు పోయడమంటే కొయ్యల చుట్టూ దారం తిప్పుతూ చేయి అటూ ఇటూ ఆడించడం, ఒక్క చీరకే దాదాపు తొమ్మిది వేల సార్లు. తల్లి లక్ష్మి భుజం, మోచేయి ఆ పనికే అరిగిపోతుంటే కొడుకు చూస్తూ ఊరుకోలేదు. పెద్ద చదువు లేదు, చేతిలో డబ్బూ లేదు. ఏళ్ల తరబడి కొయ్యలతో, మోటార్లతో కుస్తీ పట్టి ఆసు యంత్రం తయారుచేసి దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మార్చింది అమ్మ చేతిని కాదు, ఆ చేతికి నొప్పి తెచ్చే పనిని.

అందుకే నడకే మందన్న మాటను ఈ కాలమ్ ఈ వారం సగానికి తగ్గించుకుంటోంది. పొద్దున అరగంట నడిచి, పగలంతా అదే గుంత ముందు వంగితే ఆ నడక ఏం నిలబెడుతుంది? వనపర్తిలో వేరుశనగ పీకే, నాగర్‌కర్నూల్‌లో పత్తి ఏరే ఆడవాళ్ల నడుములదీ ఇదే గోడు. నేత కుటుంబానికి ఇల్లే కార్ఖానా కనుక ఇంటి వైద్యం మగ్గం దగ్గరే మొదలవ్వాలి. పీట మీద గొంగళి మడతేసి కూర్చునే ఎత్తు పెంచుకోవాలి, వీపుకు ఆసరా కట్టుకోవాలి, బెత్తెడు నేసినప్పుడల్లా లేచి వీధి చివరి దాకా వెళ్లి రావాలి.

లేచిన ప్రతిసారీ చీర ఆలస్యమవుతుంది. చీర లెక్కన కూలి తీసుకునేవాడికి అది తిండిలో కోత. పండుగ చీరలకు తొందరపెట్టే గద్వాల షావుకార్లు ఒక్కో చీరకు ఇంకో రోజు గడువివ్వాలి, ఆ రోజు కూలీ కలిపి ఇవ్వాలి.