పెషావరు కడాయికి పిండి అక్కర లేదు

అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లో వేసిన అంచనా ప్రకారం పాకిస్తాన్‌లో 3 కోట్ల 30 లక్షల మంది వయోజనులకు మధుమేహం ఉంది. ఆ అంచనాలో చైనా, భారత్‌ల తరువాతి స్థానం ఆ దేశానిదే. పిండి పదార్థాలు తగ్గించాలని వైద్యులు చెప్పగానే అక్కడి భోజనప్రియులు నాను, బిరియానీ, హలీమ్‌లను తలచుకొని తమ వంటకు నూకలు చెల్లాయని దిగులుపడతారు గాని, చిటికెడు పిండి కలపకుండా మాంసం వండడాన్ని గొప్ప విద్యగా సాధన చేసిన వంటవాళ్లు ఆ దేశపు పశ్చిమ సరిహద్దులోనే ఉన్నారు.

ఖైబర్ కనుమలోని లండీ కోతల్ ప్రాంతపు తెగ పేరు మోస్తున్న షిన్వారీ కడాయి ఆ విద్యకు శిఖరం. తోక దగ్గర కొవ్వు పేరుకునే దుంబా అనే గొర్రె మాంసాన్ని దాని కొవ్వులోనే, ఉప్పు మాత్రం వేసి పెద్ద మంట మీద మగ్గనిచ్చి, సగానికి కోసిన టమాటాలను బోర్లించి మూతపెట్టి, ఊడిన తొక్కలను పట్టకారుతో తీసివేసి, పచ్చిమిర్చి వేసి భునాయీ చేస్తారు. భునాయీ అంటే నీరంతా ఇగిరి కొవ్వు పైకి తేలేదాకా ఆపకుండా కలుపుతూ వేపడం. ఉల్లిపాయ లేదు, పసుపు లేదు, చిక్కదనానికి పిండి లేదు. పెషావరులోని నమక్ మండీ బజారు వంటవాళ్లు భగభగమనే మంట మీద నాలుగైదు కడాయిలను ఒకేసారి నడుపుతూ, దేనినీ అడుగంటనివ్వకుండా దించే తీరు చూసినవారు లాహోరు కడాయిని మెచ్చుకోవడం కష్టం. అక్కడి చర్సీ టిక్కాలో కండ ముక్కల నడుమ కొవ్వు ముక్క గుచ్చి నిప్పుల మీద కాలుస్తారు. మసాలా పేరు చెప్పడానికి ఉప్పే మిగులుతుంది.

సీఖ్ కబాబులోనూ అసలు పనితనం పిండి లేకుండా నిలపడమే. సన్నగా కొట్టిన ఖీమాను ఉప్పుతో చాలాసేపు మర్దిస్తే మాంసంలోని ప్రోటీను జిగురుగా మారి ఊచను పట్టుకుంటుంది. ఆ ఓపిక లేని చేతులు శనగపిండిని ఆశ్రయిస్తాయి. చప్లీ కబాబులో మొక్కజొన్న పిండి సంప్రదాయమే అయినా, దాని బదులు గుడ్డు కలిపితే అందులో వేసే దానిమ్మ గింజల పులుపు ఏమీ తగ్గదు. నిహారీ అనే మాంసపు పులుసుకు గోధుమ పిండి జావ పోయడం ఆనవాయితీ గాని, మూలుగ ఎముకలను రాత్రంతా సన్నసెగ మీద ఉడికిస్తే పులుసు దానంతటదే చిక్కబడుతుంది.

ఇంటి వంటలో కరేలా గోష్ట్ (కాకరకాయ మాంసం), పాలక్ గోష్ట్ (పాలకూర మాంసం)లది ఇదే దారి. కాకరకాయ మధుమేహాన్ని నయం చేస్తుందన్న ప్రచారాన్ని పక్కన పెట్టినా, గీకి, ఉప్పు రాసి, నీరు పిండేసి, వేయించిన కాకర ముక్కలు మాంసంతో కలిసినప్పుడు వచ్చే రుచి రొట్టెను మరిపిస్తుంది. గోంగూర మాంసం వండే తెలుగు ఇంటికి ఈ జత కొత్తేమీ కాదు. హైదరాబాదులో పుట్టి కరాచీలో స్థిరపడిన జుబేదా తారిఖ్, 2018లో కన్నుమూసేదాకా, ఇలాంటి ఇంటి వంటకే టెలివిజన్ మీద గౌరవం తెచ్చిపెట్టారు.

ఇంత సొత్తు ఉండగా నగరాల్లో జరుగుతున్నది దోపిడీ. ఉప్పు తప్ప మరేమీ ఎరగని బలూచీ సజ్జీ, అంటే మంట చుట్టూ ఊచలు పాతి కాల్చే గొర్రె మాంసం, కరాచీ, లాహోరులకు చేరేసరికి పొట్టలో అన్నం కూరిన కోడిగా మారింది. కడాయిలో కార్న్‌ఫ్లోర్, కబాబులో బ్రెడ్డు పొడి, పక్కన చక్కెర నిండిన కెచప్. వీటికి ‘షిన్వారీ’ అని పేరు పెట్టడానికి సిగ్గు ఉండాలి. వంద గ్రాముల గోధుమ పిండిలో దాదాపు 70 గ్రాములు పిండి పదార్థమే అయినప్పుడు, ‘కొంచెమే కదా’ అని కలిపేవాడు రుచినే కాదు, తినేవాడి రక్తపరీక్షనూ పాడుచేస్తున్నాడు.

దుంబా కొవ్వు గుండెకు మేలని ఎవరూ అనలేరు, కనుక దాని వాడకంలో మితం తప్పదు. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు పిండి పదార్థాలను ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, అందువల్ల మందు మోతాదు గురించి ముందే వైద్యుణ్ణి అడగాలి. ఆ తరువాత హోటలులో కూర్చున్నవారు అడగవలసినది ఒక్కటే: కడాయిలో పిండి కలిపారా అని. కలిపామంటే లేచి రావాలి.