కాశీయాత్రాచరిత్ర – భాషావిమర్శ

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీని చెన్నపట్టణము విడిచి కాశి కేగి, గయను, జగన్నాథమును సేవించి, శ్రీకాకుళము, విజయనగరము, సింహాచలముల మీదుగా 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. మార్గమున వ్రాసిన వృత్తాంతమును మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారు 1838లో ముద్రింపించిరి.

ఇందు సంధినియతి లేదు, అన్యదేశ్యములు మెండు. అంతమాత్రమున గ్రామ్యమని త్రోసివేయుట న్యాయమా? లక్షణము లక్ష్యము ననుసరించునని శాబ్దికుల మతము. మజిలీలు, నీటివసతి చెప్పునెడ బాటసారికి వలసినది స్పష్టత; అది యిందు నిండుగా గలదు. శ్రీకాకుళప్రాంతమున 1863లో జన్మించిన గిడుగు రామమూర్తిపంతులుగారు వ్యావహారికమునకై వాదించుటకు బూర్వమే శిష్టుల నోటిమాట గ్రంథస్థమైన దనుటకు ఈ కృతియే సాక్షి.

కావున దీనిని కావ్యముగా గాక శిష్టవ్యవహారమునకు లక్ష్యముగా బఠింపవలెను. పునర్ముద్రణములందు దీని భాషను సవరింపరాదు. సవరించినచో లక్షణము నిలుచును గాని లక్ష్యము నశించును.