కందనకాయ కథ

ఈ వారం పక్కింటి పాప ఒక బొమ్మల పుస్తకం పట్టుకొచ్చి, "తాతయ్యా, ఈ డోడోకి రంగులేసి పెట్టవా?" అంది. చూద్దును కదా, బానలాంటి పొట్ట, వెనకాల చీపురుకట్టలా నాలుగు ఈకలు. కింద ఒక ముక్క: తెలివితక్కువ పక్షి, అందుకే అంతరించింది. ఒళ్ళు మండి అరగంట ఉపన్యాసం మొదలెట్టాను. పాప మధ్యలోనే వాళ్ళింటికి వెళ్ళిపోయింది. మిగతాది మీరు వినాలి.

మా పిట్టగోడ మీద వాలే కాకి ఒకటుంది. పన్నెండేళ్ళుగా దాన్ని గీస్తున్నా, మెడ మీద బూడిదరంగు ఎక్కడ ఆగి నలుపు ఎక్కడ మొదలవుతుందో ఇప్పటికీ కుదరదు. అందుకే నా పాత పాట: చూసి గీయి, చూసినవాడి బొమ్మ చూసి గీయకు.

డోడోని ముంచింది ఆ రెండో పనే అని నా కోపం. మారిషస్‌లో డచ్చివాళ్ళు దిగింది 1598లో. డోడోని చూశామన్న నమ్మదగ్గ ఆఖరి మాట 1662 నాటిది. మధ్యలో అరవై నాలుగేళ్ళు. ఆ దీవిలో దాన్ని వేటాడే జంతువే లేదు, ఎగరాల్సిన అవసరం రాలేదు, గూడు నేల మీదే. ఓడల వెంట దిగిన ఎలుకలు, పందులు, కోతులు గుడ్లకి అలవాటుపడ్డాయి. ఇందులో పక్షి బుద్ధి తక్కువైందెక్కడ?

ఇక ఆ పొట్ట. యూరప్‌లో రూలాంట్ సావరీ వేసిన లావుపాటి డోడోని తరవాతివాళ్ళు తరాల తరబడి దించుకుంటూ పోయారు. ఎముకలు కొలిచిన శాస్త్రవేత్తలు మాత్రం అంత పొట్టని ఒప్పుకోవడం లేదు. ఇంచుమించు సావరీ రోజుల్లోనే, 1625 ప్రాంతంలో, మన దేశంలోనూ ఒక డోడో బొమ్మ తయారైంది. జహంగీరు కొలువులోని ఉస్తాద్ మన్సూర్ వేశాడంటారు. ఇప్పుడది రష్యాలో, హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. అందులో డోడో గోధుమరంగులో, కాస్త ఒడ్డూపొడుగూ ఉన్న మామూలు పక్షిలా ఉంటుంది. నన్ను పట్టేసింది దాని చుట్టూ ఉన్న పక్షులు. తల వెనక రెండు నల్లపట్టీలున్న బాతుల్ని ఇవాళ చెరువు దగ్గర చూసినా పోల్చుకుంటాం. పక్కవాటిని అంత శ్రద్ధగా వేసినవాడు డోడోని మాత్రం ఊహించి వేస్తాడా?

ఇంతవరకు రాసి, ఈ సంగతి ఇదివరకు చెప్పానేమోనని పాత కాలమ్‌ల కట్ట విప్పాను. అక్కడ దొరికిపోయాను.

టాంబలకోక్ అని మారిషస్‌లో ఒక చెట్టు. దాని టెంక డోడో కందనకాయలో రాళ్ళ మధ్య నలిగితేనే మొలుస్తుందనీ, డోడో పోయాక చెట్టు గొడ్డుబోయిందనీ, మూడొందల ఏళ్ళ ముసలి చెట్లు పదమూడే మిగిలాయనీ 1977లో స్టాన్లీ టెంపుల్ అనే శాస్త్రవేత్త రాశాడు. టర్కీ కోళ్ళకి 17 టెంకలు మింగిస్తే 3 మొలిచాయట. ఆ కథని నేను మూడుసార్లు వాడుకున్నాను. ఒకసారైతే, కోరంగి రేవులో ఓడెక్కి అక్కడి చెరకుతోటలకి కూలికెళ్ళిన మనవాళ్ళు ఉగాదికి సర్కారు సెలవు వచ్చేదాకా నిలదొక్కుకున్నారు, చెట్టుకి మాత్రం తోడు లేకపోయిందని కన్నీళ్ళు కూడా పెట్టించాను.

నిజమేమిటంటే, ఏ కందనకాయలోకీ వెళ్ళని టెంకలూ మొలుస్తాయి. కోళ్ళు మింగనివాటిని పక్కన నాటి పోల్చి చూడనేలేదు. ఆ చెట్టు కాండంలో ఏటేటా వలయాలు పడవు కాబట్టి మూడొందల ఏళ్ళన్న లెక్కా నిలవదు. చిన్న వయసు చెట్లూ ఉన్నాయి.

చూడకుండా గీశారని ఊరందర్నీ తిట్టినవాణ్ణి, చూడకుండానే రాశాను. ఆ మాటకొస్తే నేను డోడోని చూశానా? మన్సూర్ బొమ్మనైనా అచ్చులోనే చూశాను. పోయినదాని గురించి ఎవరైనా ఇంకొకరి కళ్ళనే అరువు తెచ్చుకోవాలి. కాబట్టి నా పాత పాటకి సవరణ: నువ్వు చూడలేనప్పుడు, చూశానన్నవాడు పక్కనున్న బాతుల్ని ఎలా వేశాడో చూడు.

పాప పుస్తకంలో డోడోకి గోధుమరంగు వేసి, పొట్ట కొంత కోసేసి ఇచ్చాను. నా కాలమ్‌లు కత్తిరించి దాచుకునే పాఠకులెవరైనా ఉంటే, దయచేసి టాంబలకోక్ పేరా మీద అడ్డంగా ఒక గీత కొట్టెయ్యండి.