జేబు కెమెరా కొత్తవాళ్ళకు కాదు

మా చుట్టాల్లో ఎవరికి ఫోటోల పిచ్చి పట్టినా ముందు నాకే ఫోన్ వస్తుంది. "ముందు ఓ చిన్నది కొనుక్కుంటా మావయ్యా, చేయి తిరిగాక డీఎస్ఎల్ఆర్‌కి వెళ్తా" అన్నాడు మొన్న మా మేనల్లుడు. వినడానికి బుద్ధిమంతుడి మాటలాగే ఉంది. షాపుల్లో కూడా ఇదే చెప్పి పంపిస్తారు. నా లెక్క మాత్రం తిరగేసి ఉంటుంది. చేయి తిరగనివాడు కొనాల్సింది పెద్దదే. చిన్నది పని తెలిసినవాడికే లొంగుతుంది.

ఎందుకంటారా, వెలుతురుని ఫోటోగా మార్చే సెన్సర్ దగ్గర మొదలుపెడదాం. ఫుల్‌ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌లో అది 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. 2012లో సోనీ ఆర్ఎక్స్100 వచ్చినప్పుడు, చొక్కా జేబులో పట్టే కెమెరాలో ఒక అంగుళం సెన్సరా అని నోరెళ్ళబెట్టాం. కొలిస్తే అది 13.2 బై 8.8 మిల్లీమీటర్లు. అంగుళం ఎక్కడుందో కంపెనీలవాళ్ళే చెప్పాలి. వైశాల్యంలో పెద్దదాంట్లో ఏడో వంతు కూడా లేదు. చవక కాంపాక్టుల్లో అయితే ముప్పయ్యో వంతు. పెద్ద సెన్సర్ చీకట్లో బాగా పనిచేస్తుందని అందరికీ తెలుసు కాబట్టి దాని జోలికి పోను. అసలు తేడా మనిషి వెనకాల కనిపిస్తుంది.

డీఎస్ఎల్ఆర్‌కి 85 ఎంఎం లెన్సు తగిలించి, ఎపర్చర్ 1.8కి తెరిచి మా వీధిలో ఎవరి ఫోటో తీసినా బాగానే వస్తుంది. వెనక ఉన్న కరెంటు స్తంభం, ఆరేసిన లుంగీ, ఎమ్మెల్యేగారి పుట్టినరోజు ఫ్లెక్సీ, అన్నీ కరిగి మెత్తటి రంగులైపోతాయి. అదే 1.8 ఎపర్చర్‌తో ఆర్ఎక్స్100లో తీస్తే, వెనకది మసకబారే లెక్కలో అది ఫుల్‌ఫ్రేమ్ మీద 4.9తో సమానం. స్తంభం స్తంభంలాగే ఉంటుంది, ఎమ్మెల్యేగారు నవ్వుతూనే ఉంటారు. అప్పుడు ఫోటో తీసేవాడు ఓ అడుగు ఎడమకి జరగాలి, గొంతుక్కూర్చోవాలి, ఆటో వెళ్ళేదాకా ఆగాలి. ఫ్రేములో నాలుగు మూలలా ఏముందో చూసుకున్నాకే నొక్కాలి. పెద్ద కెమెరా మన బద్ధకాన్ని కప్పిపెడుతుంది. చిన్నది నడివీధిలో పెడుతుంది.

పైగా నేను వాడే రికో జీఆర్ త్రీకి జూమ్ లేదు. 28 ఎంఎంకి సమానమైన ఒకే ఒక్క లెన్సు, అంతే. సెన్సర్ మాత్రం ఏపీఎస్-సీ, అంటే మామూలు డీఎస్ఎల్ఆర్‌లలో ఉండే సైజే. బ్యాటరీ, కార్డు కలుపుకుని 257 గ్రాములు. ముఖం కావాలంటే ముఖం దగ్గరికి వెళ్ళాల్సిందే. అవతలివాళ్ళు ఏమనుకుంటారో అన్న బెరుకు పోనివాళ్ళకు ఈ కెమెరా రోడ్డూ ఆకాశమూ తప్ప ఇంకేమీ ఇవ్వదు.

మంగళగిరిలో మగ్గాల ఇళ్ళకు రెండు కెమెరాలతోనూ వెళ్ళాను. గుంట మగ్గం ఉన్న గది ఎలా ఉంటుందంటే, సగం మగ్గమే. మిగతా సగంలో నూలు, ఓ ట్రంకు పెట్టె, గోడకి దేవుడి పటం. వెలుతురు ఒక్క కిటికీలోంచి వచ్చి పడుగు మీద పడుతుంది. కానన్ ఫైవ్‌డీ, 24-70 లెన్సుతో గుమ్మంలోకి రాగానే నాడె ఆగిపోయింది. నేతగాడు గుంటలోంచి లేచి చొక్కా వేసుకున్నాడు. ఆయన భార్య లోపలికెళ్ళి కొత్త చీర కట్టుకొచ్చింది. "ఏ పేపరండీ మీది?" అన్నాడు. ఆ తర్వాత నూలు రేట్లు, మజూరీ, సొసైటీ బాకీ. న్యాయమైన మాటలే, రాసుకోవాల్సినవే. కానీ ఫోటోలన్నింట్లోనూ ఆయన మగ్గం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి. నేస్తున్న మనిషి ఒక్కదాంట్లోనూ లేడు.

రికోతో వెళ్ళినప్పుడూ అడిగే తీశాను. చిన్న కెమెరా కదా అని దొంగచాటుగా నొక్కుకుపోయే బాపతు నాకు నచ్చదు. "ఫోను కాదే, ఏందది?" అని ఓసారి తిప్పి చూసి నా చేతికిచ్చేసి, మళ్ళీ గుంటలో కాళ్ళు పెట్టుకున్నాడు. మగ్గం చప్పుడు ముందు ఆ షట్టర్ చప్పుడు ఎవరికి వినిపిస్తుంది? డీఎస్ఎల్ఆర్‌లో అద్దం పైకి లేచి పడుతుంది కాబట్టి టపటపమంటుంది. దీంట్లో అద్దమే లేదు. గోడకి వీపు ఆనించి కూర్చుంటే 28 ఎంఎంలో కిటికీ, పడుగు, ఆయన చేయి, నాడె వెళ్ళే దారి అన్నీ పట్టాయి. కాసేపటికి ఆయన నన్ను మర్చిపోయి, రెండో మగ్గం మీదున్న తమ్ముణ్ణి ఏదో విషయమై తిట్టడం మొదలుపెట్టాడు. ఫోటోలు అప్పటినుంచీ మొదలయ్యాయి.

చిన్న కెమెరాతో ఏం పనవుతుందనేవాళ్ళకు అలెక్స్ మజోలీ పేరు చెబుతుంటాను. మ్యాగ్నమ్ సంస్థ ఫోటోగ్రాఫర్. 2003 ప్రాంతంలో కాంగోలోనూ ఇరాక్‌లోనూ ఆయన పనిచేసింది ఒలింపస్ సీ-5050 లాంటి కాంపాక్టులతో. 5 మెగాపిక్సెళ్ళ కెమెరా అది. టోక్యో వీధుల్లో దైదో మొరియామా దశాబ్దాలుగా తిరిగింది ఎక్కువగా రికో జీఆర్‌లతోనే. వీళ్ళెవరూ నేర్చుకోవడానికి చిన్నది పట్టినవాళ్ళు కారు. నేర్చుకోవడం అయిపోయాక పట్టారు.

ఇంకో సంగతి ఉంది. కొనేవాళ్ళెవరూ అడగరు, అమ్మేవాళ్ళెవరూ చెప్పరు. ఎండాకాలం గుంటూరు పక్క ఊళ్ళలో మిర్చి కల్లాల మీద ఫోటోలు తీసినవాళ్ళకు ఈ బాధ తెలుస్తుంది. నడినెత్తిన సూర్యుడు, కింద ఎర్రగా మెరిసే కాయలు, మధ్యలో తలపాగా నీడలో నల్లబడిపోయిన రైతు ముఖం. ముఖానికి సరిచేస్తే మిర్చి తెల్లబడిపోతుంది, మిర్చికి సరిచేస్తే ముఖం మాయమవుతుంది. పట్టపగలే ఫ్లాష్ వేయాలి. డీఎస్ఎల్ఆర్‌లో షట్టర్ అంటే సెన్సర్ ముందు పరుగెత్తే రెండు తెరలు. సెకనులో 200వ వంతో 250వ వంతో దాటిందా, సెన్సర్ మొత్తం ఒక్కసారి తెరుచుకోదు. తెరల మధ్య సందు మాత్రమే జరుగుతూ పోతుంది. అప్పుడు వెలిగిన ఫ్లాష్ ఫోటోలో ఒక పట్టీ మీదే పడుతుంది. దానికి విరుగుడుగా హైస్పీడ్ సింక్ ఉన్న ఖరీదైన ఫ్లాష్‌లున్నాయి గానీ, ఆ పద్ధతిలో వాటి బలం సగానికి సగం చస్తుంది. ఆర్ఎక్స్100లో షట్టర్ లెన్సులోనే ఉంటుంది, మధ్యలోంచి తెరుచుకుని మధ్యలోకి మూసుకుంటుంది. అందువల్ల సెకనులో వెయ్యో వంతులోనూ ఫ్లాష్ ఫ్రేమంతా పడుతుంది. చేయి చాస్తే అందేంత దూరంలో రైతు ఉంటే ఆ బుల్లి ఫ్లాష్ చాలు, తలపాగా కింద కళ్ళు కనిపిస్తాయి, మిర్చి ఎర్రగానే ఉంటుంది. మూడు కిలోల సామాను మోసుకెళ్ళినవాడు అక్కడ గొడుగు పట్టే మనిషి కోసం వెతుక్కుంటాడు.

అలాగని పెద్ద కెమెరాని తీసిపారేయడానికి లేదు. నేలపట్టు పక్షుల కేంద్రంలో నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు పిల్లలకు మేత పెడుతుంటే, రికోతో తీసినవాడికి దక్కేది చెట్లు. అక్కడ 400 ఎంఎం, కుదిరితే 600 కావాలి. ఎగురుతున్న పక్షిని వదలకుండా పట్టుకునే ఫోకస్ కావాలి. లేపాక్షి నాట్యమండపం కప్పు మీద చిత్రాల్లో చీర అంచుల డిజైన్లు చూడాలంటే, కింద నిలబడి 28 ఎంఎంతో చూస్తే రంగుల మరకలే. ఫ్లాష్ వేయకూడదు, ట్రైపాడ్‌కి పురావస్తు శాఖ అనుమతి కావాలి. పెద్ద సెన్సర్, 70-200 లెన్సు, వణకని చేయి, ఇవే గతి. ఆ లెన్సు ఒక్కటే కిలోన్నర బరువు.

ఇక పెళ్ళిళ్ళు. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణంలో కార్డు పాడైతే ముహూర్తం మళ్ళీ పెట్టించలేం. ఫైవ్‌డీ మార్క్ ఫోర్‌లోనూ నికాన్ డీ850లోనూ రెండేసి కార్డులు పడతాయి, ఒకటి పోయినా రెండోది ఉంటుంది. డీ850 బ్యాటరీ ఒక్క చార్జితో 1840 ఫోటోలు తీస్తుందని కంపెనీ లెక్క. జీఆర్ త్రీది 200. తలంబ్రాలు అయ్యేలోపే అది కన్నుమూస్తుంది. మరో కారణం కూడా ఉంది, చెప్పుకోవడానికి మొహమాటం గానీ నిజం. పెళ్ళికూతురి తండ్రి లక్షలు పోసి పిలిచాక, ఫోటోగ్రాఫర్ అగ్గిపెట్టెంత కెమెరా తీస్తే ఆయన ముఖం మాడిపోతుంది. పెద్ద లెన్సు అక్కడ పెళ్ళివారి మర్యాదలో భాగం.

దుమ్ము సంగతిలోనూ పెద్దదే నయం. సెన్సర్ మీద దుమ్ము పడితే డీఎస్ఎల్ఆర్ లెన్సు విప్పి, గాలి బుడ్డితో ఊదుకోవచ్చు. కాంపాక్టు లెన్సు బయటికొచ్చి లోపలికెళ్ళే ప్రతిసారీ గాలిని, దాంతోపాటు దుమ్మునీ లోపలికి లాగుతుంది. విప్పడం మన వల్ల కాదు. మేడారం జాతర దుమ్ములో జేబు కెమెరా తిప్పినవాళ్ళు వచ్చాక ప్రతి ఫోటోలోనూ ఆకాశం మీద ఒకే చోట ఒకే చుక్క చూసుకుంటారు.

మార్కెట్టు కూడా కొత్తవాళ్ళ పక్షానే ఉంది. కానన్, నికాన్ రెండూ అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు తిరిగిపోవడంతో స్టూడియోలవాళ్ళు డీఎస్ఎల్ఆర్‌లు చవకగా వదిలించుకుంటున్నారు. జేబు కెమెరాల కథ వేరు. 2010లో ప్రపంచం మొత్తమ్మీద పది కోట్లకు పైగా కాంపాక్టులు షాపులకు చేరాయి. ఫోన్లు వచ్చి ఆ వ్యాపారాన్ని ఊడ్చేశాయి. మిగిలిన కొద్దిపాటి మంచివాటికి ఇప్పుడు సోషల్ మీడియా పుణ్యమా అని ఎక్కడలేని గిరాకీ. 2024లో వచ్చిన ఫుజీ ఎక్స్100 సిక్స్ కోసం జనం నెలల తరబడి వరసలో ఉన్నారు. చిన్నది చవక అన్న లెక్క ఏనాడో పోయింది.

కాబట్టి నేర్చుకునేవాళ్ళు పాత డీఎస్ఎల్ఆర్ బాడీ ఒకటి, 50 ఎంఎం 1.8 లెన్సు ఒకటి కొనుక్కోండి. చక్రం తిప్పగానే ఎపర్చర్ ఎలా మారిందో, షట్టర్ ఎలా మారిందో వేళ్ళకే తెలుస్తుంది. మెనూల్లో వెతుక్కునే పని లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. లెన్సుని మాత్రం అమ్మేవాడి మాట మీద తీసుకోవద్దు. వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూడండి. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల తేమకి అద్దాల మధ్య బూజు పడుతుంది, సన్నటి సాలెగూడులా కనిపిస్తుంది. అది కనిపించిందా, ఎంత తక్కువకిస్తానన్నా కింద పెట్టేసి రండి.