గాలికి తలవంచి

సంక్రాంతి సెలవుల్లో మా ఇంటి వసారాలో ఒక సైకిల్ బిగించాను. ఫ్రేము ఒక పెట్టెలో, చక్రాలు ఇంకో పెట్టెలో, మిగతావన్నీ చిన్న చిన్న పొట్లాల్లో నాలుగు నెలలుగా వస్తూనే ఉన్నాయి. పెద్ద పార్శిల్ వచ్చిందంటే ఇడుపులపాయ నుంచి కడప దాకా పోయి తెచ్చుకోవాల్సిందే. ఇంతకాలం ఓపిక పట్టి చేసిన పని నా జీవితంలో ఇంకొకటి లేదు.

అది ట్రయథ్లాన్ సైకిల్. ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి, మధ్యలో గడియారం ఆగకుండా జరిగే పోటీ ట్రయథ్లాన్. 1978 ఫిబ్రవరిలో హవాయి దీవుల్లో ఐరన్‌మ్యాన్ అనే సుదూర ట్రయథ్లాన్ మొదటి పోటీకి 15 మంది దిగితే 12 మంది చివరిదాకా వచ్చారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ట్రయథ్లాన్‌కు చోటు దొరికింది. ఐరన్‌మ్యాన్‌లో సగం దూరం పోటీ 2019 అక్టోబరులో గోవాకు వచ్చింది. మిరమార్ తీరంలో 1.9 కిలోమీటర్లు ఈదాలి, తర్వాత 90 కిలోమీటర్లు సైకిల్ తొక్కాలి, ఆపైన 21.1 కిలోమీటర్లు పరిగెత్తాలి. నేను తయారవుతున్నది దానికే. ఈత గురించి నాకు దిగులు లేదు. వీపుకు ఎండిన సొరకాయ బుర్ర కట్టుకుని దిగుడు బావిలో నేర్చుకున్న ఈత అంత తేలిగ్గా మరిచిపోయేది కాదు. పరుగు రోజూ ఉన్నదే. లెక్క వేసుకోవాల్సింది ఆ 90 కిలోమీటర్ల గురించే. గంటకు 28 కిలోమీటర్ల చొప్పున తొక్కితే మూడు గంటల పదమూడు నిమిషాలు పడుతుంది. 30 చొప్పున తొక్కితే సరిగ్గా మూడు గంటలు.

ఆ రెండు కిలోమీటర్ల తేడా ఎక్కడ దొరుకుతుందని వెతుక్కుంటూ పోతే నాకు ఎదురైంది గాలి. చదును రోడ్డు మీద ముప్పై దాటాక మన బలంలో ఎక్కువ భాగం గాలిని తోసుకుంటూ పోవడానికే ఖర్చవుతుంది. వేగం పదో వంతు పెంచాలంటే గాలి కోసం పెట్టే శక్తి దాదాపు మూడో వంతు పెరగాలి. ఆ గాలికి ఎక్కువగా అడ్డు నిలిచేది సైకిల్ కాదు, దాని మీద కూర్చున్న మనిషి. ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే మొదటి సైకిల్ విషయంలో మోసపోయేవాణ్ణి కాదు.

ఆ మొదటిది పాత రేసు సైకిల్. దూరాన ఒక ఊళ్లో అమ్మినాయన ఫోన్లోనే నా ఎత్తు అడిగి, 56 సైజు సరిపోతుందన్నాడు. నా ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. రెండేళ్లు ఆ సైకిల్ మీద చేతులు చాచి తొక్కాను. గంట దాటితే మెడ పట్టేసేది, రెండు గంటలకు చిటికెన వేళ్లు మొద్దుబారేవి. లోపం నా ఒంట్లోనే ఉందనుకున్నాను. కొనేముందు పెడల్, సీటు, హ్యాండిల్ ఒక లెక్కలోకి రావాలని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అందుకే ఈసారి ముందు కొలతలు, తర్వాతే బేరం. పాత సైకిల్‌నే స్టాండు మీద నిలబెట్టి, మావాడి చేత పక్కనుంచి ఫోన్లో వీడియో తీయించాను. పెడల్ సగం దారిలో ఉన్నప్పుడు మోకాలి చిప్ప నుంచి గుండు కట్టిన దారం వదిలి అది ఎక్కడ పడుతుందో గుర్తు పెట్టుకున్నాను. హ్యాండిల్ పైన మోచేతులు ఆనించే మెత్తలు బిగించి, వారానికి ఒక్కొక్క సెంటీమీటరు దించుతూ పోయాను. ఊపిరి ఇబ్బంది పడిన చోట ఆపేశాను. ఫ్రేము మీద అతికించిన సైజు అంకె కంపెనీకొక రకంగా ఉంటుంది, దాన్ని నమ్మకూడదు. పెడళ్ల ఇరుసు నుంచి హ్యాండిల్ మెడ ఎంత ఎత్తు, ఎంత ముందు అన్న రెండు కొలతలు చాలు. ఆ రెండూ కాగితం మీద రాసుకున్నాకే ఫ్రేము వెతకడం మొదలుపెట్టాను.

మామూలు రేసు సైకిల్‌కూ దీనికీ అసలు తేడా సీటు కింది గొట్టంలో ఉంది. మామూలు దాంట్లో అది 73 డిగ్రీల దగ్గర వెనక్కి వాలి ఉంటుంది. దీంట్లో 78 దాకా నిటారుగా లేస్తుంది. 1980ల చివర్లో అమెరికాలో డాన్ ఎంఫీల్డ్ ఈ పోటీల కోసమే ఇట్లాంటి సైకిల్ తయారుచేశాడు. సీటు ముందుకు జరిగితే, వీపు నేలకు సమాంతరంగా వంగినా తొడకూ పొట్టకూ మధ్య సందు మిగులుతుంది. సైకిల్ దిగాక పరిగెత్తాల్సిన కాళ్లకు ఆ సందే ప్రాణం. ముందుకు చాచిన హ్యాండిల్‌ను 1987లో స్కీయింగ్ కోచ్ బూన్ లెనన్ రూపొందించాడు. దాన్ని ముందు వాడుకున్నవాళ్లు ట్రయథ్లాన్‌వాళ్లే. 1989 టూర్ డి ఫ్రాన్స్‌లో చివరి రోజు 50 సెకన్లు వెనకబడి ఉన్న గ్రెగ్ లెమాండ్ దాని మీదికి వంగి 24.5 కిలోమీటర్లు తొక్కి, మొత్తం పోటీ 8 సెకన్ల తేడాతో గెలిచాడు. చిన్నప్పుడు ఎదురుగాలికి హ్యాండిల్ మీద గడ్డం ఆనించి తొక్కిన మన ఊరి పిల్లలు కూడా అదే పని చేశారు.

ఇక ఏ సామాను ఎంచుకోవాలన్నది మా రోడ్లు తేల్చిపెట్టాయి. వేంపల్లె నుంచి పులివెందుల వైపు పోతుంటే రెండు పక్కలా చీనీతోటలు, అరటితోటలు. తోట దాటి బయలు చేలోకి వచ్చేసరికి పక్కగాలి ఒక్కసారిగా తోస్తుంది. ఆషాఢంలో అయితే మరీ. ఆ గాలిలో వెడల్పు రిమ్ము ముందు చక్రం తెరచాపలా హ్యాండిల్‌ను లాగేస్తుంది. అందుకే ఫొటోల్లో ఎంత అందంగా ఉన్నా నిండు పళ్లెం లాంటి చక్రం జోలికి పోలేదు, ముప్పై మిల్లీమీటర్ల అల్యూమినియం రిమ్ములు తీసుకున్నాను. బ్రేకులు కూడా రిమ్మును పట్టేవే. కార్బన్ రిమ్ము మీద దిగువ రోడ్డులో మళ్లీ మళ్లీ బ్రేకు పట్టే పని మా ఎండకు నచ్చదు. గేర్లు తీగలతో లాగే షిమానో 105. బ్యాటరీ గేర్లు గొప్పవే. కానీ వేంపల్లెలో తీగ తెగితే ఇంకో తీగ వేసుకుని ఇంటికి రాగలను. పెడళ్ల ఇరుసు మరలు తిప్పి బిగించేదే కావాలని పట్టుబట్టాను. అదిమి ఎక్కించే రకమైతే కిర్రుమన్నప్పుడల్లా దాని పనిముట్ల కోసం హైదరాబాదు పోవాలి.

పళ్ల లెక్క కూడా చెప్పాలి. ముందు పెద్ద చక్రానికి 50 పళ్లు, చిన్నదానికి 34. వెనక 11 నుంచి 32. ముందు పెద్దదాన్ని వెనక చిన్నదానితో కలిపితే ఒక్క తొక్కుకు తొమ్మిదిన్నర మీటర్లు పోతుంది, ముందు చిన్నదాన్ని వెనక పెద్దదానితో కలిపితే రెండుంబావు మీటర్లు. పాపాఘ్ని నది కొండల్ని చీల్చుకుని దిగే గండి వైపు ఎక్కుతున్నప్పుడు ఆ రెండుంబావు మీటర్లు నా మోకాళ్లను కాపాడాయి. బరువు గురించి మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. నేను, సైకిల్, నీళ్ల సీసాలు కలిసి ఎనభై కిలోలు. అందులో అర కిలో తగ్గించడానికి వేలకు వేలు పోయడం కన్నా మంచి టైర్లు కొనడం మేలు.

టైర్లంటే పల్లేరుగాయలు గుర్తొస్తాయి. వానలు పోయాక రోడ్డు అంచున పరుచుకుని ఎండిపోతాయి. ఎట్లా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. పక్కన సర్కారుతుమ్మ కంప. అందుకని రోజూ తొక్కడానికి మందపాటి టైరు వేసుకుంటాను. పలచటిది పోటీ రోజుకు దాచిపెట్టాను.

బిగించడంలో అన్నిటికన్నా కష్టపెట్టింది తీగలు ఎక్కించడం. కార్బన్ ఫ్రేము లోపల గొట్టం చీకటి. పైరంధ్రంలో దూర్చిన తీగ కింది రంధ్రానికి రాకుండా ఎక్కడో మలుపు దగ్గర ముడుచుకుంటుంది. రెండు సాయంత్రాలు అట్లాగే గడిచాయి. మూడోరోజు కుట్టుమిషన్ దారం కొసకు చిటికెడు దూది కట్టి పైన వదిలి, కింది రంధ్రానికి దుమ్ము పీల్చే మిషన్ పెట్టాను. దూది టక్కున వచ్చి గొట్టం మూతికి అతుక్కుంది. ఆ దారానికి తీగ కట్టి మెల్లగా లాగితే కార్బన్ లోపల గీసుకుంటూ వస్తున్న చప్పుడు వేళ్లకు తెలిసింది. బోల్టులు మాత్రం చేతి అంచనాకు వదలలేదు. అయిదు న్యూటన్ మీటర్లు అని రాసి ఉంటే అంతకే క్లిక్కుమనే పానా పట్టుకున్నాను. ఇనుము వంగుతూ హెచ్చరిస్తుంది, కార్బన్ చెప్పకుండా చిట్లుతుంది. మోచేతుల మీద వంగితే చెమటంతా తిన్నగా హ్యాండిల్ మెడ మీద కారుతుంది కాబట్టి అక్కడి ప్రతి మరకూ గ్రీజు పూశాను. పాత సైకిల్ బోల్టు ఉప్పు తిని తుప్పు పట్టి తల విరిగింది.

మొదటిసారి తెల్లవారుజామున అయిదింటికి బయటికి తీశాను. ఇడుపులపాయ రోడ్డు మీద జులై 8, సెప్టెంబరు 2 తప్ప ఆ వేళకు సందడి ఉండదు. జయంతి, వర్ధంతి అయిన ఆ రెండు రోజులూ వైఎస్ ఘాట్‌కు వచ్చే జనంతో నిండిపోతుంది. ట్రిపుల్ ఐటీ దాటి, మోచేతులు ఆనించి, తల దించాను. చెవుల దగ్గర గాలి హోరు సగానికి తగ్గింది. పాత సైకిల్ మీద గంటకే మెడ పట్టేసేది. ఇప్పుడు రెండు గంటలు గడిచినా వేళ్లన్నీ నావే.

తిరిగొచ్చేటప్పుడు వేంపల్లెలో మామ సైకిల్ షాపు తెరుస్తున్నాడు. నలభై ఏళ్లుగా అక్కడే పంచర్లు, రిమ్ముల బెండ్లు. పెడల్ ఎత్తి వెనక చక్రం ఒక్కసారి తిప్పి, రిమ్ము పక్కన సుద్దముక్క పట్టుకున్నాడు. ఒక చోట మాత్రమే తెల్లగా గీత పడింది.

"అర నూలు ఎడమకు పోతాంది అల్లుడా."

రెండు పుల్లలు పావుచుట్టు తిప్పి మళ్లీ సుద్ద పెట్టాడు. ఈసారి చుట్టూ సన్నటి గీత. తర్వాత ముందుకొచ్చి, హ్యాండిల్ పైన రెండు సెంటీమీటర్లు మిగిలి ఉన్న ఫోర్కు గొట్టం మీద వేలు పెట్టాడు.

"ఇది కొయ్యలేదేం?"

"నడుం ఇంకా ఎంత వంగుతాదో తెలీదు మామా. ఎండాకాలం పోనీ."

"అట్లనే కానీ. ఇనుమైతే అతుకేస్తాం. దీన్ని కోస్తే మళ్లా రాదు" అని సుద్దముక్క చొక్కా జేబులో వేసుకున్నాడు.