తగినంత

“వదినా, తగినంత అంటే ఎంత?” అని మా ఆడపడుచు ఫోన్లో అడిగింది. కాపురానికొచ్చి నలభై ఏళ్ళు దాటిన మనిషి. పులిహోర కలిపిందంటే వీధి చివరిదాకా కబురు వెళ్ళాల్సిందే. అలాంటి మనిషి అలా అడిగేసరికి నాకు నవ్వొచ్చింది. సంగతి విన్నాక ఆ నవ్వు కాస్తా పోయింది.

ఆవిడకి ఇద్దరు మనవరాళ్ళు. చిన్నదానికి సీలియాక్ జబ్బని కిందటేడు డాక్టర్లు తేల్చారు. గోధుమలోనూ, బార్లీలోనూ, రై అనే ధాన్యంలోనూ ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు ఆ పిల్లకి పడదు. పడదంటే ఏదో దద్దుర్లు లేచి తగ్గిపోవడం కాదు. చిటికెడు పిండి లోపలికి పోయినా చిన్న పేగు లోపలి పొర దెబ్బతింటుంది, తిన్న తిండి ఒంటబట్టదు. మందంటూ లేదు, జన్మంతా గోధుమ మానడమే మందు. పెద్దది కాలేజీలో చదువుతోంది. అది వీగన్ అయింది. పాలు, పెరుగు, నెయ్యి, ఆఖరికి తేనె కూడా ముట్టదు. చిన్నదాని పుట్టినరోజుకి అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే పళ్ళెంలోంచి తినే బ్రౌనీ కావాలట. సికింద్రాబాదులో బేకరీలకేం కొదవ! కానీ పొద్దస్తమానం మైదా ఎగిరే చోట చేసింది పిల్లకి పెట్టడానికి తల్లికి మనసొప్పలేదు. అంచేత ఇంట్లోనే చెయ్యాలి.

చేసే విధానం వెతికిపెట్టడం నా వంతయింది. పత్రికల కత్తిరింపులు, స్నేహితురాళ్ళ నోటుపుస్తకాలు, పిల్లలు ఫోన్లో చూపించినవి, మొత్తం పదకొండు పోగయ్యాయి. పొయ్యి వెలిగించే ముందు వాటిని వరసగా కూర్చుని చదివాను, కథల పోటీకొచ్చిన కథలు చదివినట్టే. నవ్వకండి. వంట రాయడం కూడా రచనే. మాలతీ చందూర్ గారు నవలలు రాసిన చేత్తోనే ‘వంటలు-పిండివంటలు’ రాశారు. ఆ పుస్తకం ఎన్ని ముద్రణలు పొందిందో పాతకాలపు పాఠకులకి చెప్పనక్కర్లేదు. కథలో తప్పుంటే పాఠకురాలికి విసుగొస్తుంది. వంటలో తప్పుంటే తిన్నవాళ్ళకి జబ్బొస్తుంది. అందుకని విమర్శకి ముందు నిలబడాల్సింది ఇదేనని నా మటుకు నాకు అనిపిస్తుంది.

మొదటి పేచీ శీర్షికల దగ్గరే వచ్చింది. పదకొండింటికీ పైన ‘వీగన్, గ్లూటెన్ లేని బ్రౌనీ’ అన్న అర్థమే. లోపలికి వెళితే మూడింట్లో గడ్డపెరుగుంది. ఒకదాంట్లో డబ్బాపాలున్నాయి. మనకి శాకాహారమంటే కోడిగుడ్డు లేకపోవడమే. పాలూ పెరుగూ లెక్కలోకి రావు, అవి అమ్మవారి ప్రసాదంలోనూ ఉంటాయి కదా. కాబట్టి ఒకప్పటి ‘గుడ్డు లేని కేకు’ని తీసుకుని పైన కొత్త బోర్డు తగిలించారన్నమాట. వీగన్ అన్న మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది. శాకాహారులమని చెప్పుకుంటూ పాలూ గుడ్లూ తినేవాళ్ళ నుంచి వేరుపడదామనే దాన్ని పుట్టించారు. ఆ తేడా కోసమే పుట్టిన మాటకి ఆ తేడానే తీసేస్తే ఇంకేం మిగిలింది?

రెండో మాట దగ్గర పొరపాటు ఇంకా పెద్దది. ఇద్దరు ముగ్గురు మైదా తీసేసి గోధుమపిండి పెట్టి, అదే గ్లూటెన్ లేకపోవడమనుకున్నారు. మైదా మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చింది? బొంబాయి రవ్వ, సేమ్యా, మైదా, అన్నీ ఆ తల్లి పిల్లలే. ఇంకొకరు కోకో దొరక్కపోతే పిల్లల పాలల్లో కలిపే చాక్లెట్ పొడి వేసుకోమని ఉదారంగా సలహా ఇచ్చారు. అలాంటి పొడుల్లో చాలావాటిలో మాల్టు ఉంటుంది. మాల్టంటే మొలకెత్తించిన బార్లీ. చదివేటప్పుడు నా గుండె జారిపోయింది.

ఇదంతా చాదస్తమనుకునేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. ఈ జబ్బుకి గోధుమే కారణమని పట్టుకున్నది డికే అనే డచ్చి పిల్లల డాక్టరు. రెండో ప్రపంచయుద్ధంలో 1944-45 చలికాలం హాలండులో రొట్టె కరువైంది. ఊరంతా ఆకలితో అలమటిస్తుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. మళ్ళీ రొట్టె రాగానే మళ్ళీ మంచాన పడ్డారు. కరువులో కోలుకున్న పిల్లల్ని తలుచుకుంటే ఎలాగో ఉంటుంది. మన దేశంలో ఇప్పుడు గ్లూటెన్ లేనిదని డబ్బా మీద వెయ్యాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదని చట్టముంది. డబ్బాకి చట్టముంది గానీ మన వంటల శీర్షికలకి లేదు!

ఇక ‘తగినంత’ దగ్గరికొద్దాం. నిజానికి ఆ మాట మీద నాకు కోపం లేదు. పప్పుచారులో తగినంత ఉప్పంటే అది చేతికి తెలుస్తుంది. పక్కన అత్తగారో అమ్మో నిలబడి ఉంటుందన్న ధీమాతో పుట్టిన మాట అది. బ్రౌనీకి అత్తగారు లేదు. ఓవెన్లోకి వెళ్ళాక రుచి చూసి సర్దుకునే వీలూ లేదు. 1896లో బోస్టన్‌లో ఫానీ ఫార్మర్ అనే ఆవిడ వంటపుస్తకం వేస్తూ గరిటెడు అంటే అంచుకి సమంగా గీసిన గరిటెడే అని పట్టుబట్టింది. బ్రౌనీకి చాక్లెట్టు పట్టించిన తొలి విధానాల్లో ఒకటి ఆవిడ పుస్తకం 1906 కూర్పులోదే. కొలతకీ బ్రౌనీకీ ఉన్న చుట్టరికం అంత పాతది. మనవాళ్ళు బ్రౌనీని తెచ్చుకున్నారు, కొలతని వదిలేశారు.

అలాగని గ్రాముల్లో రాసినవన్నీ ఉత్తమ రచనలేమీ కావు. ఒకటుంది, తూకాలు తులంతో సహా సరిగ్గా ఉన్నాయి. తీరా అందులో బాదం పిండి పావుకిలో, దానికి తోడు పిండిని పట్టి ఉంచడానికి ఏదో జిగురు పొడి. మోండా మార్కెట్టంతా తిరిగినా దొరకదు, దొరికినా నెల బడ్జెట్టు హతం. అసలు ఆ జిగురెందుకు? గ్లూటెన్ చేసే పనేమిటో ఇంట్లో ఆడవాళ్ళకి ఒకరు చెప్పాలా? బొబ్బట్టుకి కలిపిన మైదాముద్ద అరచేతంత ఉన్నది విస్తరంత సాగుతుందే, అదీ గ్లూటెన్ చలవ. జొన్నపిండికది లేదు కనుకనే వేణ్ణీళ్ళు పోసి, చేత్తో తట్టి రొట్టె చేస్తాం. బ్రౌనీ బొబ్బట్టులా సాగక్కర్లేదు, బన్నులా పొంగక్కర్లేదు. తడిగా, బరువుగా, కొరికితే పళ్ళకి అంటుకునేలా ఉండాలి. కేకులన్నిటిలోకీ గ్లూటెన్ అవసరం తక్కువున్నదాన్ని పట్టుకుని జిగురు పోయడం దండగ.

మెచ్చుకోదగ్గది ఒక్కటుంది. నోటుపుస్తకంలో చేత్తో రాసింది. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగిన మా స్నేహితురాలిది. వాళ్ళమ్మ క్రిస్మస్‌కి అల్యూమినియం గిన్నెలో ఇసుక పోసి కేకు చేసేదట. ఈవిడ ఆ కేకునే నలభై ఏళ్ళుగా మార్చుకుంటూ వచ్చి రాగిపిండి దాకా తెచ్చింది. తప్పిన ప్రతిసారీ పక్కన రాసుకుంది. వేడిగా ఉండగా కోస్తే పొడైపోయిందని ఒకచోట, అవిసెగింజల్ని పొడి చెయ్యకుండా నానేస్తే పట్టులేకుండా పోయిందని ఇంకోచోట. మిగతా పదిమందీ ఎప్పుడూ తప్పని వంట రాశారు. వాళ్ళలో ఎందరు వండి చూశారో నాకు అనుమానమే.

దాన్నే పట్టుకుని మొదలుపెట్టాను. రాగిపిండి 120 గ్రాములు, కోకో 40, చక్కెర 200, పాలు కలవని నల్ల చాక్లెట్ 100 గ్రాములు (డబ్బా వెనక చిన్నక్షరాలు భూతద్దం పెట్టి చదవాల్సిందే), నూనె 80 మిల్లీలీటర్లు, చిక్కటి కొబ్బరిపాలు 150 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడర్ అర టీస్పూను. గుడ్డుకి బదులు రెండు పెద్ద చెంచాల అవిసెపొడిలో ఆరు చెంచాల నీళ్ళు పోసి పదినిమిషాలుంచితే జిగటగా వస్తుంది. చాక్లెట్టు నూనెలో కరిగించి అన్నీ కలిపి, రాగిపిండి తడి పీల్చుకునేందుకు ఇరవై నిమిషాలు ఆగి, 175 డిగ్రీల దగ్గర అరగంట. తీశాక రెండు గంటలు కత్తి పెట్టకూడదు. ఓవెన్ లేనివాళ్ళు కుక్కరుకి గాస్కెట్టూ వెయిట్టూ తీసేసి, అడుగున ఇసుక పోసి చేసుకోవచ్చు, కాకపోతే టైము ఇంకా పడుతుంది. చక్కెర చూశారుగా? ఈ బ్రౌనీని ‘ఆరోగ్యానికి మంచిది’ అని రాసిన నలుగురూ ఆ 200 గ్రాముల సంగతి మరిచిపోయారు. రాగిపిండి వేసినంత మాత్రాన పంచదార పుణ్యాత్మురాలైపోదు.

రాగులు మరకి పంపలేదు. మా సందు చివరి పిండిమరలో మనకి ముందు గోధుమలు ఆడించుకెళ్ళినవాళ్ళ పిండి ఇంకా రాళ్ళ మధ్యే ఉంటుంది. పదకొండింటిలో ఒక్కదాంట్లోనూ మర ఊసు లేదు. అంచేత రాగులు చేటలో చెరిగి, కడిగి, ఆరబోసి, పెద్దది కొనిపెట్టిన కొత్త జారులో మిక్సీ పట్టాను. నా తెలివికి నేనే మురిసిపోతూ పిండి జల్లించి, కలిపి, ఓవెన్లో పెట్టేశాను. ఇల్లంతా ఘుమఘుమలాడింది. చల్లారాక మా వారు ఒక ముక్క నోట్లో వేసుకుని, భేషుగ్గా ఉందన్నారు.

వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే జల్లెడ చేతికొచ్చింది. పాతికేళ్ళ నాటి జల్లెడ. బొబ్బట్లకి మైదా, చపాతీలకి గోధుమపిండి, అన్నీ దాంట్లోనే జల్లిస్తాను. తిప్పి చూస్తే కంతల అంచున తెల్లగా గట్టకట్టి కూర్చుంది.

నిలువునా చెమటలు పట్టాయి. ఆ పళ్ళెం మొత్తం పెద్దదానికీ, మా వారికీ, పక్కింటివాళ్ళకీ పంచేశాను. మర్నాడు పొద్దున్నే జనరల్ బజారుకెళ్ళి కొత్త జల్లెడ, కొత్త పళ్ళెం కొని, మళ్ళీ రాగులు చెరగడం దగ్గర్నుంచి మొదలుపెట్టాను. వరసగా పదకొండు మందిని ఉతికి ఆరేసిన విమర్శకురాలిని, పన్నెండోదాన్ని నేనయ్యేదాన్ని.

పుట్టినరోజు జరిగింది. అక్కా చెల్లీ ఒకే పళ్ళెంలోంచి తిన్నారు. చిన్నది ముందు వాసన చూసింది, తర్వాత వాళ్ళమ్మ మొహం చూసింది, తల్లి తలూపాకే కొరికింది. తొమ్మిదేళ్ళ పిల్లకి ఆ అలవాటు రావడం చూస్తే నాకు గొంతు పట్టేసినట్టయింది.

మొన్న ఆదివారం ఆ విధానమంతా శుభ్రంగా రాసి మా ఆడపడుచుకి పంపాను. కావలసినవాటి వరసలో మొట్టమొదట ‘కొత్త జల్లెడ’ అని రాశాను. మర పనికిరాదని, మాల్టు పొడి వద్దని ఎర్రసిరాతో గీత కూడా కొట్టాను. సాయంత్రానికి ఫోను.

“అంతా బాగుంది వదినా. ఉప్పు తగినంత అని రాశావేమిటి?”

పావు టీస్పూను అని దిద్దుకోమన్నాను.